ఫాల్స్ సీలింగ్ తర్వాత చూద్దాం, ముందు డాబా ఎక్కండి

ప్రశ్న: ఇంజనీరు గారికి నమస్కారాలు. మాది గుంటూరు. 150 గజాల స్థలంలో మా మామగారు 1996లో కట్టించిన డాబా ఇల్లు. అత్తగారు, మామగారు, మా ఆయన, నేను, మా అమ్మాయి ఉంటాం. అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం, వచ్చే మాఘంలో పెళ్ళి చేయాలని అనుకుంటున్నాం. ఈలోపు ఇల్లు బాగు చేయిద్దామని, చిట్టీ పాడిన డబ్బు, దాచుకున్నది కలిపి 6 లక్షలు పక్కన పెట్టాం. మా ఆయనకి హాల్లో ఫాల్స్ సీలింగ్, ముందు వైపు ఎలివేషన్ కావాలి. దానికి 2,60,000 అన్నారు. అబ్బాయి మాడ్యులర్ కిచెన్ చేయించమంటున్నాడు, 2,80,000. రంగులకి 90,000. హాలు ఇరుకుగా ఉందని మధ్య గోడ తీసేద్దామని కూడా ఒక మాట వచ్చింది. మా మరిది మాత్రం ఇవన్నీ దండగ, పైన ఇంకో పోర్షన్ వేస్తే అద్దె వస్తుందంటాడు. వెనక గదిలో స్లాబు పెచ్చులు ఊడుతోంది, ఆ గది పైనే నీళ్ళ ట్యాంకు ఉంది. సీలింగ్ అతను వచ్చి చూసి, "ఆ గదికి కూడా సీలింగ్ కొట్టేస్తే కనపడదు లెండమ్మా" అన్నాడు. గీజరు, ఏసీ ఒకేసారి వేస్తే ఫ్యూజు పోతుంది. పోయినేడు అత్తగారు బాత్రూంలో జారిపడ్డారు. వంటగది గట్టు బాగా కిందకి ఉండి సాయంత్రానికి నాకు నడుం పట్టేస్తుంది, అదేం పెద్ద విషయం కాదనుకోండి. ఇంకో పదేళ్ళయినా ఇక్కడే ఉంటాం. వీటిలో ఏది చేయిస్తే లాభం? రేపు ఇల్లు అమ్మితే పెట్టిన డబ్బు తిరిగొస్తుందా? – ఒక సోదరి

సమాధానం: అమ్మా, మీరు రాసిన మూడు కొటేషన్లూ కూడితే 6,30,000 అయింది. ఉన్నదానికంటే ముప్పై వేలు ఎక్కువ. పైగా ఆ లెక్కలో పెచ్చులకి, ఫ్యూజుకి, బాత్రూంకి ఒక్క రూపాయి లేదు. అడిగినవాళ్ళ పనులకి కొటేషన్లు వచ్చాయి, ఇల్లు అడుగుతున్న పనులకి రాలేదు. నేను ముప్పై ఏళ్ళు సైట్ల మీద తిరిగాను, చాలా ఇళ్ళల్లో ఇదే చూశాను. బడ్జెట్ అంతా హాల్లోనే అయిపోతుంది.

మీ చివరి ప్రశ్న ముందు తీసుకుంటాను, ఎందుకంటే దానికి జవాబు తెలిస్తే మిగతావి తేలిక. డబ్బు తిరిగి రాదు. గుంటూరే కాదు, మన ఊళ్ళల్లో ముప్పై ఏళ్ళ ఇండిపెండెంట్ ఇల్లు కొనేవాడు గజం ఎంత అని అడుగుతాడు, రోడ్డు ఎన్ని అడుగులని అడుగుతాడు, ఏ ముఖం అని అడుగుతాడు. వంటగదిలో ఏ డ్రాయరు మెత్తగా మూసుకుంటుందో అడగడు. కొన్న ఆర్నెల్లకి పగలగొట్టి కొత్తది కట్టుకుంటాడు, లేదా బిల్డరుకి డెవలప్‌మెంట్‌కి ఇస్తాడు. మీరు పెట్టే ఎలివేషన్ వాడికి తట్టలకెత్తాల్సిన ఇంకాస్త మట్టి. అపార్టుమెంటులో ఫ్లాట్ అయితే కథ కొంచెం వేరు, అక్కడ వంటగది, బాత్రూంలు బాగుంటే తొందరగా అమ్ముడుపోతుంది, అద్దెకీ పోతుంది. మీకు ఆ లెక్క వర్తించదు.

కాబట్టి లాభం అన్న మాట పక్కన పెట్టి, "ఈ పదేళ్ళలో ఇది మాకు ఎన్ని రోజులు పనికొస్తుంది, చేయకపోతే ఏం పోతుంది" అని అడగండి. అలా అడిగితే మీ జాబితా తలకిందులవుతుంది. ఎలివేషన్ చివరికి పోతుంది, మీరు పెద్ద విషయం కాదన్న గట్టు పైకి వస్తుంది. అన్నిటికంటే పైన మాత్రం ఆ వెనక గది స్లాబు ఉంటుంది.

ఆ సీలింగ్ అతని మాట చదివి నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. నవ్వు ఎందుకంటే, ఆ మాట విని మోసపోయినవాణ్ణి నేనే. పన్నెండేళ్ళ కిందట మా సొంత ఇంట్లో, హాలు మూలన అరచేయంత చెమ్మ మరక ఉండగానే జిప్సం సీలింగ్ వేయించాను. ఇంజనీరుని కదా, తర్వాత చూసుకోవచ్చులే అన్న ధీమా. మరక కనపడటం మానేసింది, నేనూ చూడటం మానేశాను. మూడో వానాకాలంలో ఒక రాత్రి షీటు నాని టీవీ మీద పడింది. టార్చి వేసి పైకి చూస్తే ఒక బారెడు మేర చువ్వలు బయటపడి, తుప్పు పొరలు పొరలుగా వేలాడుతోంది. మొదటే చూసి ఉంటే నాలుగు రోజుల పని. రెండు నెలలు పట్టింది. మా ఆవిడ ఇప్పటికీ ఎవరింట్లోనైనా ఫాల్స్ సీలింగ్ కనపడితే నా వైపు చూస్తుంది.

పెచ్చులు ఎందుకు ఊడతాయో చెప్తాను, తెలిస్తే మేస్త్రి మాటలకి పడిపోరు. కాంక్రీటు లోపల ఉన్నంతకాలం చువ్వకి తుప్పు పట్టదు, సిమెంటులోని క్షారం దాన్ని కాపాడుతుంది. ఏళ్ళ తరబడి గాలి, నీళ్ళు సన్న పగుళ్ళ గుండా లోపలికి దిగితే ఆ కాపు పోతుంది. తుప్పుకి ఇనుము కంటే ఎక్కువ చోటు కావాలి. అది ఉబ్బి, కింద ఉన్న కాంక్రీటు పొరని లోపలి నుంచి తోసేస్తుంది. అదే పెచ్చు. ఊడిన చోట సిమెంటు పూసి, లప్పం పెట్టి, రంగు వేస్తే లోపల తుప్పు దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది. రెండేళ్ళకి పక్కన ఇంకో పెచ్చు.

అందుకని ముందు నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో పట్టుకోవాలి. ఆ గది పైన ట్యాంకు ఉందన్నారు, నా అనుమానం సగం అక్కడే ఉంది. ఒక రాత్రి ట్యాంకు నింపి, మోటారు ఆపి, కిందకి వచ్చే వాల్వు కట్టేసి, నీటి మట్టం దగ్గర లోపలి అంచు మీద పెన్సిలుతో గీత గీయండి. తెల్లారి చూడండి. మట్టం దిగితే ట్యాంకో, దాని అడుగు జాయింటో కారుతోంది. దిగకపోతే మర్నాటి రాత్రి వాల్వు తెరిచి, ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, మళ్ళీ చూడండి. ఇప్పుడు దిగితే గోడలో పైపు కారుతోందన్నమాట. 1996 అంటే చాలావరకు జీఐ పైపులే, అంటే జింకు పూత ఇనప పైపులే వేసి ఉంటారు. లోపల తుప్పు పట్టి, సూదిమొనంత చిల్లులు పడి, గోడలోకి చెమరుస్తుంటాయి. రెండు రాత్రులూ మట్టం కదలకపోతే వాన నీళ్ళదే తప్పు. అదీ కాక మోటారు వేసి మర్చిపోయినప్పుడు ట్యాంకు పొర్లి, ఆ నీళ్ళు ఎటు పోతున్నాయో కూడా చూడండి. చాలా ఇళ్ళల్లో స్లాబుని పాడుచేసింది వాన కాదు, రోజూ పొద్దున పొర్లే ట్యాంకు.

ఇంకో సంగతి. మీ ట్యాంకు వెయ్యి లీటర్లదైతే నిండినప్పుడు ఒక టన్ను బరువు. ఆ టన్ను ఇప్పుడు చువ్వలు తుప్పుపట్టిన స్లాబు నడుమన కూర్చుని ఉంది. ఏ రిపేరూ మొదలుపెట్టకముందే దాన్ని గోడల మీదకి గానీ, గోడ నుంచి గోడకి వేసిన గడ్డర్ల మీదకి గానీ, గట్టిగా ఉంటే మెట్ల గది మీదకి గానీ మార్పించండి. పెద్ద ఖర్చు కాదు. అది జరిగేదాకా ఆ గదిలో ఎవరూ పడుకోకండి. మంచం పక్క గదికి జరపండి, ఈ రోజే.

తర్వాత వాటర్‌ప్రూఫింగ్ వాళ్ళు వస్తారు. "రెండు రోజులు డాబా మీద నీళ్ళు కట్టి చూద్దాం" అంటారు. మంచి స్లాబుకి అది సరైన పరీక్షే. మీ వెనక గది మీద మాత్రం కట్టనివ్వకండి. నూరు చదరపు అడుగుల మీద రెండంగుళాల నీళ్ళంటే దాదాపు అర టన్ను. కింద ప్రాపులు, అంటే స్లాబుని ఆపే ఊతాలు పెట్టి, రిపేరు అయ్యాక కట్టి చూడొచ్చు.

డాబా మీద మీరే చేయగలిగిన పని ఒకటుంది. ఎప్పుడైనా వాన వెలిసిన గంటకి సుద్దముక్క తీసుకుని పైకి వెళ్ళండి. వాన లేకపోతే రెండు బకెట్లు కుమ్మరించినా చాలు. నీళ్ళు నిలిచిన చోటల్లా చుట్టూ గీత గీయండి. నాలుగడుగులు వెనక్కి వచ్చి చూస్తే మీ డాబా వాలు ఎక్కడ తప్పిందో మ్యాపు గీసినట్టు కనపడుతుంది. నీళ్ళు బయటికి పోయే గొట్టం నోట్లో ఆకులు, పాత బంతి, గుడ్డపీలిక ఏమున్నాయో చూడండి. తర్వాత సుత్తి వెనక్కి తిప్పి గచ్చు మీద మెల్లగా తట్టుకుంటూ నడవండి. గట్టిగా ఉన్నచోట టంగుమంటుంది, లేచిపోయిన చోట డొల్లగా బొద్దుమంటుంది. డొల్లగా ఉన్న పాత గచ్చు మీద కొత్త రంగు పూస్తే డబ్బు పూసినట్టే, దాన్ని తీయించాలి. పిట్టగోడ పగుల్లో రావి మొక్క ఉందేమో కూడా చూడండి. మన డాబాల మీద అది లేని ఇల్లు అరుదు. ప్రతి శ్రావణానికీ తుంచి పారేస్తాం, ప్రతి కార్తీకానికీ మళ్ళీ మొలుస్తుంది. వేరు గోడలోనే ఉంటుంది కాబట్టి. పగులు విప్పి వేరంతా తీయించి పూడ్చాలి.

అసలు రిపేరు ఇలా ఉండాలి. కింద ప్రాపులు పెట్టి, వదులుగా ఉన్న కాంక్రీటంతా చువ్వ వెనక దాకా చెక్కేయాలి. చువ్వని వైరు బ్రష్షుతో లోహం మెరిసేదాకా రుద్దాలి. తుప్పు ఆపే పూత వేసి, పాతదానికీ కొత్తదానికీ అతుకు కుదిరే పూత వేసి, పాలిమర్ కలిపిన మోర్టారుతో పూడ్చాలి. చువ్వ చెప్పుకోదగ్గంత సన్నబడి ఉంటే మేస్త్రి మాట చాలదు, స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి చూసి, పక్కన కొత్త చువ్వ కట్టాలా, స్లాబు ఆ భాగం తీసి వేయాలా చెప్పాలి. పైన డాబాకి వాలు సరిచేసి, పిట్టగోడ స్లాబు కలిసే మూల గుండ్రంగా తిప్పి, వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేయించండి. పై పూత తెలుపు రంగులో వేయించుకోండి. గుంటూరు ఎండ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. తెల్లటి పైకప్పు ఎండని వెనక్కి కొడుతుంది, గది చల్లబడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది ఇందుకే.

మీ మరిదికి కూడా ఇక్కడే జవాబు ఉంది. పెచ్చులు ఊడే స్లాబు మీద ఇంకో అంతస్తు ఎలా వేస్తారు? పునాది ఒక అంతస్తుకే వేశారా, గోడల మీద నిలబడిన ఇల్లా, పిల్లర్లున్నాయా, మట్టి ఏమిటి, ప్లాన్ అనుమతి వస్తుందా, ఇవన్నీ తేలాక మాట్లాడుకోవాలి. ఆరు లక్షలకి అది తేలదు కూడా.

మధ్య గోడ సంగతీ అంతే. ఆ రోజుల్లో కట్టిన చాలా ఇళ్ళల్లో తొమ్మిదంగుళాల గోడలే స్లాబుని మోస్తుంటాయి. తీసేస్తే హాలు పెద్దదవుతుంది, స్లాబు దిగుతుంది. ఆ గోడ ఏం మోస్తోందో ఇంజనీరు కాగితం మీద రాసి ఇచ్చేదాకా ఒక్క ఇటుక కదపనివ్వకండి. వాస్తు పేరు చెప్పి గోడ తీయమని ఎవరైనా వచ్చినా ఇదే మాట. నమ్మకం మీ ఇష్టం, గోడ మీద బరువు మాత్రం ఎవరి ఇష్టం కాదు.

ఇక కరెంటు. ఫ్యూజు పోతోందని తేలిగ్గా రాశారు. మీ ఇంట్లో ఆ ఫ్యూజు కట్టేది ఎవరో, ఏ తీగతో కడుతున్నారో ఒకసారి చూడండి. సన్న తీగ మాటిమాటికీ పోతోందని ఎవరో ఒకరు లావు తీగ కట్టి ఉంటారు. ఆ రోజు నుంచి కాలేది ఫ్యూజు కాదు, గోడలో వైరు. 1996లో ఫ్యానూ లైటూ మిక్సీ లెక్కలో వేసిన వైరింగు అది. రెండు వేల వాట్ల గీజరు ఒక్కటే తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. దానికి ఏసీ తోడైతే పాత జాయింట్లు వేడెక్కుతాయి. ఏసీకి, గీజరుకి బోర్డు నుంచి విడివిడిగా నాలుగు స్క్వేర్ ఎంఎం రాగి వైరు లాగించండి. మిగతా ప్లగ్ పాయింట్లకి రెండున్నర, లైట్లకి ఒకటిన్నర సరిపోతుంది. ఫ్యూజులు తీయించి ఎంసీబీలు, అంటే లోడు ఎక్కువైతే వాటంతటవే పడిపోయే స్విచ్చులు పెట్టించండి.

ఒక విషయం మాత్రం ఎలక్ట్రీషియన్లు తరచుగా వదిలేస్తారు. ఎంసీబీ కాపాడేది వైరుని. మనిషికి షాక్ కొడితే అది పడిపోదు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ అనే ఇంకో స్విచ్చు, 30 మిల్లీ ఆంపియర్లది. గీజరు లీకై నీళ్ళలోకి కరెంటు వస్తే క్షణంలో పడిపోతుంది. దాని మీద చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడండి. ఇంటి బయట ఎర్తింగు గొయ్యి ఎక్కడుందో మామగారిని అడగండి. ఆయనకి గుర్తుంటుంది. ముప్పై ఏళ్ళలో దాని మీద గచ్చు వేసేసి ఉంటే ఆశ్చర్యపోను, అలాగైతే కొత్తది తవ్వించాల్సిందే. ఆర్‌సీసీబీ పెట్టాక మొదటి వారం ఊరికే పడిపోతోందని దాన్ని తీసేయమంటారు. తీయకండి. పడిపోతోందంటే ఎక్కడో లీకు ఉంది, వెతికించండి.

సోలార్ గురించి మీరు అడగలేదు, అయినా ఎవరో ఒకరు తలుపు తడతారు కాబట్టి ఒక మాట. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాటుకి 30,000, రెండింటికి 60,000, మూడు, ఆ పైన ఎన్నింటికైనా 78,000 సబ్సిడీ. మూడు కిలోవాట్ల ప్యానెళ్ళకి నీడ పడని చోటు మూడు వందల చదరపు అడుగులు కావాలి. అమ్మాయి పెళ్ళయ్యాక ఆలోచించవచ్చు. ఇప్పుడు మాత్రం వద్దు. ప్యానెళ్ళు పాతికేళ్ళు ఉండేవి, వాటి కాళ్ళు మీ స్లాబులోకి దిగుతాయి. ముందు ప్యానెళ్ళు పెట్టి తర్వాత కింద రిపేరు అంటే మళ్ళీ అన్నీ విప్పాలి. ఈలోపు కరెంటు సర్వీసు ఎవరి పేరున ఉందో చూసుకోండి, మామగారి పేరునే ఉంటే ఆ కాగితాల పని తీరిగ్గా చేసుకోవచ్చు.

బాత్రూం. అత్తగారు ఒకసారి జారారంటే ఆ గచ్చు ఆవిడకి ఇక పనికిరాదని అర్థం. మొత్తం కొత్తది చేయించే పని లేదు. గచ్చు టైల్సు మాత్రం తీయించి గరుకు రకం, గీరినట్టుండే మ్యాట్ టైల్సు వేయించండి. నున్నగా మెరిసేవి షోరూంలో బాగుంటాయి, తడిస్తే అద్దం. పాత టైల్సు మీదే కొత్తవి అంటిద్దామంటారు, వద్దు. గచ్చు ఎత్తు పెరిగి నీళ్ళు గదిలోకి వస్తాయి, కింద నహానీ ట్రాప్, అంటే నీళ్ళు పోయే జాలీ కింద ఉండే గిన్నె, దాని చుట్టూ ఉన్న లీకు అలాగే ఉండిపోతుంది. టైల్సు తీసిన రోజే ఆ ట్రాప్ మార్పించి, చుట్టూ వాటర్‌ప్రూఫింగ్ వేయించి, ఒక రాత్రి నీళ్ళు నిలిపి చూసి ఆ తర్వాత కొత్త టైల్సు వేయాలి. ఇండియన్ కమోడ్ ఉంటే ఒక బాత్రూంలోనైనా వెస్టర్న్ పెట్టించండి. పట్టుకోవడానికి స్టీలు రాడ్లు రెండు, ఒకటి కమోడ్ పక్కన, ఒకటి స్నానం చేసే చోట. అవి టైలుకి కాదు, వెనక ఇటుక గోడలోకి లోతుగా బిగించాలి. మీ ఆయన్ని పట్టుకుని వేలాడమనండి. ఆయన బరువుకి కదలకపోతే అత్తగారికి భయం లేదు. గుమ్మం దగ్గర మెట్టు ఉంటే తగ్గించండి, రాత్రి వెలిగే చిన్న లైటు ఒకటి పెట్టండి.

ఇప్పుడు మీ గట్టు సంగతి.

మీ ఉత్తరంలో మీ గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం. అదీ "పెద్ద విషయం కాదనుకోండి" అని ముగించారు. ఎలివేషన్‌ని మీ ఆయన రోజుకి రెండుసార్లు చూస్తారు, గేటు తీసేటప్పుడొకసారి, వేసేటప్పుడొకసారి. ఫాల్స్ సీలింగ్‌ని వేయించిన నెల తర్వాత ఎవరూ తలెత్తి చూడరు. ఆ గట్టు ముందు మీరు రోజుకి నాలుగైదు గంటలు నిలబడతారు. పదేళ్ళంటే ఎన్ని గంటలో లెక్క వేసుకోండి. ఈ ఇంట్లో పెట్టిన రూపాయికి అన్నిటికంటే ఎక్కువ పనిచేసేది మీ వంటగదిలో పెట్టేదే.

అలాగని 2,80,000 పెట్టమని అనను. అబ్బాయి కొటేషన్ తెప్పించండి, అందులో ఏ బోర్డు వాడుతున్నారో చూడండి. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ లాంటి చెక్కపొడి బోర్డులైతే సింకు కింద రెండేళ్ళలో నాని ఉబ్బుతాయి. మన వంటిల్లు కడిగే వంటిల్లు, తుడిచేది కాదు. ఇంటికి చెదలు ఉంటే కొత్త కిచెన్ వాటికి విందు. ఇలా చేయండి. కుళ్ళింది లేకపోతే పాత గట్టు గోడలు అలాగే ఉంచి, పైన బండ మాత్రం తీయించి, గోడలు పెంచి, గ్రానైటు వేయించండి. ఎత్తు ఎంతంటే, చెప్పులు లేకుండా నిటారుగా నిలబడి మోచేయి మడవండి, మోచేతి కింద నుంచి నాలుగంగుళాలు తగ్గించి గోడ మీద పెన్సిలుతో గుర్తు పెట్టండి. కూరలు తరిగే చోటు అదీ. స్టవ్ ఉండే చోటు ఇంకో రెండు మూడంగుళాలు కిందకి ఉంటే గిన్నెలోకి తొంగిచూడక్కర్లేదు, వీలైతే ఆ భాగం దించి వేయించండి. మార్కు మీ ఎత్తుకి పెట్టండి, మేస్త్రి ఎత్తుకి కాదు. ఆయన "అందరిళ్ళల్లో ఇంతేనమ్మా" అంటాడు. అందరిళ్ళల్లోనూ నడుం నొప్పే.

సింకు కిందా, స్టవ్ కిందా షట్టర్లకి మెరైన్ ప్లై, అంటే ఐఎస్ 710 ముద్ర ఉన్నది తీసుకోండి. పప్పు డబ్బాలకి, గిన్నెలకి స్టీలు బుట్టల డ్రాయర్లు రెండు మూడు చాలు. పైన అటక మీద సంక్రాంతికి తీసే ఇత్తడి గంగాళాలు ఉంటాయి కదా, దానికి షట్టర్లు ఎందుకు, కర్టెను వేయండి. చిమ్నీ పెట్టిస్తే పొగ గొట్టం గోడ బయటికి వెళ్ళేదే పెట్టించండి. గొట్టం లేకుండా లోపలే వడపోసేది మన తిరగమోతలకి చాలదు, వేడి గదిలోనే ఉండిపోతుంది. మీరు స్టవ్ ముందు నిలబడే చోట ఒక లైటు పడాలి. ఇప్పుడు మీ నీడ మీ కత్తిపీట మీదే పడుతూ ఉంటుంది.

డబ్బు ఎలా పంచాలంటే, రేట్లు ఊరికో రకం కాబట్టి వాటాల్లో చెప్తాను. ఆరు లక్షల్ని ఆరు భాగాలనుకోండి. రెండు భాగాలు స్లాబుకి, డాబాకి, ట్యాంకు మార్చడానికి, పాడైన పైపులకి. ఒకటి వైరింగుకి. ఒకటి బాత్రూంకి. ఒకటి వంటగదికి. ఆరోది ముట్టుకోకండి. స్లాబు చెక్కేటప్పుడు పైకి కనపడిన దానికంటే రెండింతలు పాడై ఉండటం మామూలే, అప్పుడు ఇది అక్కరకొస్తుంది. మిగిలితే రంగులకి.

పెళ్ళి మాఘంలో అన్నారు కాబట్టి క్యాలెండరు మనకి కలిసొచ్చింది. డాబా పని ఎండాకాలంలోనే అయిపోవాలి, తొలకరి పడకముందే. సిమెంటు పని పొద్దున్నే చేయించి, తడి గోనెపట్టాలు కప్పి, రోజుకి మూడు నాలుగు సార్లు తడపాలి. మేస్త్రి వెళ్ళిపోయాక ఆ తడిపే పని మీదే, ఎవరికైనా అప్పజెప్పండి. వైరింగు, బాత్రూం, వంటగది ఒకదాని తర్వాత ఒకటి ఆషాఢం, శ్రావణంలో లోపల చేసుకోవచ్చు. రెండు బాత్రూంలు ఒకేసారి విప్పనివ్వకండి, ఇంట్లో పెద్దవాళ్ళున్నారు. రంగులు మాత్రం దసరాకి తొందరపడకండి. అక్టోబరు, నవంబరు తుఫాను వానలు కూడా పడి, వెనక గది పొడిగా ఉందని తేలాక, డిసెంబరులో వేయించండి. తడి గోడ మీద వేసిన రంగు పెళ్ళిచూపుల నాటికే పొక్కులు లేస్తుంది. ఈలోపు సంబంధాల వాళ్ళు వస్తారంటారా, ముందు గదికి ఒక్క కోటు వేయించి, గేటుకి పెయింటు కొట్టించి, గుమ్మం పక్కన నాలుగు కుండీలు పెట్టండి. పెళ్ళివారు చూసేది మీ అమ్మాయిని, తర్వాత వీధి అరుగు, తర్వాత మీరిచ్చే కాఫీ. సీలింగ్ వంక చూసే సంబంధమైతే ఆలోచించుకోవాల్సిందే.

డాబా పని వాళ్ళకి మొత్తం ఒకేసారి ఇవ్వకండి. ఎన్ని చదరపు అడుగులు, ఏ మెటీరియల్, ఎన్ని కోట్లు, అన్నీ కాగితం మీద రాయించుకుని, చివరి వాయిదా మాత్రం మొదటి రెండు వానలు పడ్డాక ఇస్తామని ముందే చెప్పండి. ఒప్పుకోనివాడికి తన పని మీద తనకే నమ్మకం లేదు. గోడలు పూడ్చేముందు పైపులు, వైర్లు ఎటు పోతున్నాయో మీ అమ్మాయి చేత ఫోనులో ఫోటోలు తీయించండి. గోడ పక్కన టేపు పెట్టి తీస్తే కొలత కూడా తెలుస్తుంది. మూడేళ్ళ తర్వాత ఎవరో దేవుడి పటానికి మేకు కొట్టేటప్పుడు ఆ ఫోటోలు పనికొస్తాయి.

మీ ఆయన ఎలివేషన్ కోసం పట్టుబడితే ఆయన్ని వెనక గదిలోకి తీసుకెళ్ళి, ఊడిన పెచ్చు ఒకటి చేతిలో పెట్టండి. బరువు చూడమనండి. అది పడే చోట మంచం ఉండేది కదా.

ట్యాంకు గీత సంగతి ఈ వారంలోనే చూసి, రెండు రాత్రుల లెక్కా నాకు రాయండి. అలాగే వెనక గది స్లాబు ఫోటో ఒకటి పగటి వెలుతురులో తీసి పంపండి, పక్కన ఒక పది రూపాయల బిళ్ళ పెట్టి తీస్తే చువ్వ లావెంత మిగిలిందో నాకు అంచనా వస్తుంది. నిచ్చెన ఎక్కేవాళ్ళు తలకి ఏదైనా కట్టుకుని ఎక్కండి, కింద ఇంకొకరు పట్టుకోవాలి. ఆ ఎక్కేది మీ మామగారు మాత్రం కాకుండా చూడండి. తను కట్టించిన ఇల్లు కదా, ఊరుకోరు.